ఇద్దరికీ కాళ్ళందే బండి

లిఫ్టుల కంపెనీలో ఆయన్ని పేరు పెట్టి పిలిచినవాళ్ళు తక్కువ. పై ఆఫీసరు దగ్గర్నుంచి వాచ్‌మన్ దాకా అందరికీ ఆయన "ఇంకోసారి"గారే. లిఫ్టు బాగుచేయడం అయిపోయి, పనిముట్లు సర్దుకుని అందరూ మెట్ల వైపు నడుస్తుంటే ఆయన మాత్రం మెషిన్ రూం గుమ్మంలో ఆగిపోయి, "ఇంకోసారి చూద్దాం" అనేవాడు. బిగించిన బోల్టునే మళ్ళీ బిగించి, పట్టిన బ్రేకునే మళ్ళీ పట్టించి, ఇనప తాళ్ళ మీద టార్చి వేసి అడుగుదాకా చూసి, అప్పుడు కదిలేవాడు. కొత్తగా చేరిన మెకానిక్కులు చాటుగా నవ్వుకునేవాళ్ళు. అయితే తమ అత్తగారుండే బిల్డింగులో లిఫ్టు చెడిపోతే మాత్రం ఆయన్నే పంపమని బతిమాలుకునేవాళ్ళు.

ఇంట్లోనూ అదే తంతు. గ్యాసు కట్టేసి రెండడుగులు వేసి వెనక్కి వచ్చేవాడు. తాళం వేసి, లాగి చూసి, వీధి మలుపు దాకా వెళ్ళి మళ్ళీ వచ్చి లాగేవాడు. "మా ఆయన ఊపిరి పీల్చినా, అది సరిగ్గా లోపలికెళ్ళిందో లేదో చూసుకుని గాని వదలరు" అని భార్య నలుగురిలో అంటే ఆయనా నవ్వేవాడు. ఆ నవ్వు పైపైదని ఆవిడకు తెలుసు. లోకం దాన్ని జాగ్రత్త అనుకునేది. నిజానికది భయం. పనిలో చేరిన కొత్తలో లిఫ్టు గోతిలోకి మొదటిసారి వంగి చూసిన రోజున గుండెలో దూరి, అక్కడే కాపురం పెట్టేసింది.

అలాంటి మనిషి అరవైకి దగ్గరపడ్డాక పెద్ద మోటార్‌సైకిల్ కొంటానంటే ముక్కున వేలేసుకోనివాళ్ళు లేరు.

కారణం లేకపోలేదు. మెషిన్ రూములన్నీ మేడల మీదే ఉంటాయి. ఏ మేడ ఎక్కినా ఆయనకు ఒకే రోడ్డు కనిపించేది. చివరి ఇళ్ళు దాటాక అది పొలాల్లో పడి, మెల్లగా వంపులు తిరుగుతూ కొండల్లోకి పోయేది. ఒక మేడ మీంచి చూస్తే ఎడమకు వంగినట్టుండేది, ఇంకో మేడ మీంచి కుడికి. చేతులు తుడుచుకుంటూ కాసేపు దానికేసి చూసి కిందికి దిగేవాడు. బతుకంతా పైకీ కిందికీ తిరగడమే గాని, పక్కకు పోయింది లేదు. తర్వాత మోకాలు మొరాయించింది. నిచ్చెనలెక్కవద్దని చెప్పి కంపెనీవాళ్ళు ఆయన్ని ఫిర్యాదుల ఫోను దగ్గర కూర్చోబెట్టారు. ఆ గదికి కిటికీ ఉంది, ఎదురుగా గోడ ఉంది. రోడ్డు కనిపించడం మానేసింది. కనిపించనప్పట్నుంచే దాని మీద బెంగ పట్టుకుంది.

ఒక ఆదివారం పొద్దున టీ తాగుతూ భార్యతో చెప్పేశాడు.

ఆవిడ రొట్టెల ఫ్యాక్టరీలో డిస్పాచ్ సూపర్‌వైజర్. తెల్లవారకుండానే ఏ వ్యానులో ఎన్ని ట్రేలు ఎక్కాలి, ఏ డ్రైవరు ఏ దారిన పోవాలి అన్నీ ఆవిడ నోటి మీదే నడుస్తాయి. గొంతు పెంచదు. పెంచకుండానే డ్రైవర్లు సర్దుకుంటారు.

"మోటార్‌సైకిలా? ఉన్న బండి బానే ఉందిగా" అంది.

"అది ఆఫీసుకెళ్ళి రావడానికి. కొండలెక్కడానికి పనికిరాదు. దూరాలు పోవాలి. రెండు మూడు రోజులు, వారం."

"వెనక ఎవరు కూర్చుంటారు?"

"నువ్వే. ఇంకెవరు?"

ఆవిడ కప్పు కింద పెట్టి ఆయన మొహంలోకి చూసింది. ఇన్నేళ్ళలో ఈ మనిషి ఏదైనా కావాలని అడగడం ఆవిడ వినలేదు. ఏది వద్దో చెప్పడమే విన్నది.

"సరే. కాకపోతే ఆ వెనక సీటు నేను చూసి ఒప్పుకోవాలి" అంది.

కూతురు ఒప్పుకోలేదు. ఆ అమ్మాయి ఫిజియోథెరపిస్టు, పక్క వీధిలోనే కాపురం. సంగతి విని చెప్పులు కూడా విప్పకుండా గుమ్మంలోనే నిలబడి మొదలుపెట్టింది. "నాన్నా, నా దగ్గరికి కుంటుతూ వచ్చేవాళ్ళలో సగం మంది మోటార్‌సైకిళ్ళ పుణ్యమే. మిగతా సగం మెట్ల మీంచి పడ్డవాళ్ళు. మెట్లు మానేయమని చెప్పలేను, కనీసం ఇదైనా మానొచ్చుగా?"

తండ్రి టీపాయ్ మీదున్న పత్రికలోని బండి బొమ్మ మీద చెయ్యి వేసి, దాన్ని దాచినట్టుగా కూర్చున్నాడు. ఆ చెయ్యి చూసి కూతురు మెత్తబడింది.

"కొంటే కొనుక్కో. కంటికి నచ్చింది కాదు, ఒంటికి నచ్చింది కొను" అని చెప్పి వెళ్ళింది.

అక్కడ మొదలైంది ఆయన అవస్థ. షోరూంలో మొదట చూసింది ఎర్ర బండి. చూడగానే మనసు పారేసుకున్నాడు. ఎక్కి కూర్చుంటే తెలిసింది, అది రేసు బండి. హ్యాండిల్ ఎక్కడో చక్రం పక్కన ఉన్నట్టుంది, దాన్ని అందుకోవాలంటే ట్యాంకు మీద బోర్లా పడుకోవాలి. ఒంటి బరువంతా మణికట్ల మీదే. మోకాళ్ళు ఛాతీని పలకరిస్తున్నాయి. దిగడానికి షోరూం అబ్బాయి చెయ్యందించాల్సి వచ్చింది. రెండోది దానికి పూర్తిగా వ్యతిరేకం. సోఫా లాంటి సీటు, బీరువాల్లాంటి పెట్టెలు, ముందు కిటికీ అంత అద్దం. కూర్చుంటే మహారాజులా ఉంది. స్టాండు మీంచి లేపబోతే కదల్లేదు. ఇంకాస్త బలం పెడితే లేచింది గాని తొడలు గజగజా వణికాయి. అది పక్కకు ఒరిగితే తనూ దాని కిందే ఉంటానని ఆయనకు అర్థమైపోయింది.

"మీకు ఈ రెండూ కాదు సార్" అన్నాడు షోరూం అబ్బాయి. "స్పోర్ట్ టూరింగ్ అని మధ్యరకం ఉంటుంది. మలుపుల్లో రేసు బండిలా తిరుగుతుంది, దూరాల్లో నడుం విరవదు. గాలి ఛాతీకి కొట్టకుండా అద్దం, పక్కల పెట్టెలు, వెనక మేడంగారికి పట్టుకోవడానికి పిడులు. అందులోనే కొన్ని ముందుకు వంగి నడిపేవి, కొన్ని నిటారుగా కూర్చునేవి."

అందులోనే రకాలున్నాయన్న మాటతో ఆయనకు నిద్ర కరువైంది. ఇంజను వేడి కాళ్ళకు తగులుతుందా? గొలుసు తెగితే? కొండల్లో వాన పడితే బ్రేకు నిలుస్తుందా? సీటు ఎత్తు, బండి బరువు, అద్దం వంపు, అన్నీ బుర్రలో గిరగిరా తిరిగేవి. షోరూంకి వెళ్ళడం, ఎక్కి కూర్చోవడం, దిగడం, "ఇంకోసారి చూస్తా" అని వచ్చేయడం. షోరూం అబ్బాయి ఆయన కనిపించగానే అడక్కుండానే బండి మీది గుడ్డ తీసేసి వేరే పనిలో పడేవాడు.

ఇవన్నీ పైకి చెప్పుకునే భయాలు. చెప్పుకోనిది ఒకటుంది. ఆయన కుడిచేతి చివరి రెండు వేళ్ళు, చిటికెన వేలూ దాని పక్కదీ, కొంతకాలంగా ఆయన మాట వినడం లేదు. చెయ్యి మడిచి దేన్నయినా కాసేపు పట్టుకుంటే ముందు చీమలు పాకినట్టుండేది, తర్వాత ఆ రెండూ తనవి కానట్టే అయ్యేవి. ఏళ్ళ తరబడి పానాలు తిప్పిన చెయ్యి. విదిలిస్తే మళ్ళీ వచ్చేవి. ఇది ఎవరికీ చెప్పలేదు. కూతురికి చెబితే బండి మాట అక్కడితో సరి. మోటార్‌సైకిల్‌కి ముందు చక్రం బ్రేకు కుడిచేతిలోనే ఉంటుంది. ఈ సంగతి ఆయనకు తెలియనిది కాదు. అయినా తెలియనట్టే నటించాడు, అదీ తనతో తనే. లిఫ్టు తాడులో ఒక్క పోగు తెగినా కరెంటు తీసేసే మనిషి.

చివరికి ముందుకు కాస్త వంగి నడిపే బండి ఒకటి ఎంచుకున్నాడు. అందులో ఎరుపు ఉంది. కొనేముందు నడిపి చూడమని ఇచ్చారు. పెళ్ళాన్ని వెనక కూర్చోబెట్టుకుని ఊరి బయటి బైపాస్ రోడ్డు మీదికి వెళ్ళాడు. ఎండ ఇంకా ముదరలేదు. బండి పాలమీగడలా సాగుతోంది. వెనక నుంచి ఆవిడ, "సీటు బానే ఉంది. మీ భుజాలే రాళ్ళలా ఉన్నాయి" అంది. ఆయన నవ్వాడు. నవ్వుతుండగానే వేళ్ళలో చీమలు మొదలయ్యాయి.

ఆపి చెయ్యి విదిలించుకోవాల్సింది. ఇంకాస్త దూరం, ఆ చెట్ల దాకా అనుకున్నాడు. చెట్ల దగ్గర కూడలి ఉంది. ముందు పోతున్న పాల వ్యాను ఉన్నట్టుండి ఆగింది. ఆయన బ్రేకు పట్టాడు. పట్టాననుకున్నాడు. వేళ్ళు లీవరు మీదున్నాయో, గాలిలో ఉన్నాయో తెలియలేదు. వ్యాను వెనక తలుపు మొహం మీదికి వచ్చేస్తుంటే కాలి బ్రేకు తొక్కి, మిగిలిన రెండు వేళ్ళతో ముందుది లాగాడు. చక్రాలు జారకుండా బండే కాచుకుంది, వ్యానుకు బెత్తెడు దూరంలో ఆగింది. ఆగాక ఆయన కాలు కింద పెట్టాడు. పెట్టిన చోట కంకర. మోకాలు నిలవలేదు. అంత బండీ తొందరేమీ లేనట్టు, మెల్లగా, ఎడమ పక్కకు పడుకుంది.

ఆవిడ దొర్లి రోడ్డు పక్క మట్టిలో కూర్చుంది. చీలమండ పట్టుకుంది.

"ఏమైంది?" అని అడిగింది.

"కంకర" అన్నాడు ఆయన. అబద్ధం కాదు. నిజమూ కాదు.

చీలమండ బెణికింది, అంతే. షోరూంవాళ్ళు మంచివాళ్ళు, గీతలు పడినందుకు పెద్దగా ఏమీ అనలేదు. ఆవిడ కాలికి కట్టు కట్టుకుని, కుంటుతూనే డ్యూటీకి వెళ్ళొచ్చేది. ఆ కుంటి నడక చప్పుడు విన్నప్పుడల్లా ఆయన ఆ గదిలోంచి లేచి వెళ్ళిపోయేవాడు. ఆ కూడలి కళ్ళ ముందునుంచి పోదు. ఒక్కోసారి వ్యాను ఆగేది కాదు, లారీ ఆగేది. ఒక్కోసారి బెత్తెడు దూరం ఉండేది కాదు. ఫిర్యాదుల ఫోనులో ఎవరో లిఫ్టులో ఇరుక్కుని మాట్లాడుతుంటే ఈయన "ఆఁ, ఆఁ" అంటూ తన కుడిచెయ్యికేసి చూస్తూ ఉండిపోయేవాడు. అవతలి మనిషి, "వింటున్నారా అండీ?" అని అడగాల్సి వచ్చేది.

ఓ సాయంత్రం ఆవిడ వంటింట్లో ఒంటికాలి మీద బరువు పెట్టి గిన్నెలు తోముతుంటే చూసి ఇక ఆగలేకపోయాడు. తువ్వాలు అందుకుని పక్కన నిలబడి, తడిసిన పళ్ళెం తుడుస్తూ మొత్తం చెప్పేశాడు.

ఆవిడ కుళాయి కట్టేసింది.

"ఎన్నాళ్ళ నుంచి?"

"ఏడాది దాటింది."

"ఏడాది నుంచి వేళ్ళు పనిచెయ్యని చేత్తో బ్రేకు పట్టుకుని, నన్ను వెనక కూర్చోబెట్టుకున్నారు."

"చెబితే వద్దంటారని..."

"అంటే మీకు బండి పోతుందని భయం. నేను పోతానని కాదు."

ఆవిడ అరిచి ఉంటే బాగుండేది. అరవలేదు. చేతులు తుడుచుకుని గదిలోకి వెళ్ళి కూతురికి ఫోను చేసింది. ఆ తర్వాత కొన్నాళ్ళు అవసరమైన మాట తప్ప ఆయనతో మాట్లాడలేదు. కాఫీ బల్ల మీద పెట్టేది, చేతికి ఇచ్చేది కాదు.

కూతురు వచ్చి తండ్రి మోచేతి లోపలి వైపు వేలితో తట్టింది. కరెంటు కొట్టినట్టయి ఆయన ఎగిరిపడ్డాడు. "ఇక్కడ నరం నలుగుతోంది నాన్నా. చెయ్యి మడిచినప్పుడల్లా ఇంకా నలుగుతుంది. ముందుకు వంగి బరువంతా చేతుల మీద వేశావు, అది చాల్లేదా?" అంది. తిడుతూనే మోచెయ్యి వదల్లేదు, నిమురుతూనే ఉంది. డాక్టరు చూసి ఆపరేషన్ అన్నాడు. చిన్నదేనట. వేళ్ళు పూర్తిగా వస్తాయా అంటే, "రావచ్చు. కొంత రావచ్చు. ఇంకా ముదరకుండా మాత్రం ఆగుతుంది" అన్నాడు. ఇలాంటి జవాబుతో ఆయన ఏ లిఫ్టునూ జనానికి అప్పగించి ఉండడు. తన చేతిని మాత్రం అప్పగించక తప్పలేదు.

ఆపరేషన్ అయ్యి, చెయ్యి మెడకు వేలాడేసుకుని ఇంటికి వచ్చిన రెండో రోజున ఆవిడ ఆయన ఎదురుగా కుర్చీ లాక్కుని కూర్చుంది. మళ్ళీ మామూలు గొంతుతో మాట్లాడింది.

"ఈ చెయ్యి నయమయ్యే లోపు నేను నేర్చుకుంటా."

"ఏమిటి?"

"బండి."

ఆయన కళ్ళప్పగించి చూశాడు.

"అలా చూడకండి. పెళ్ళైన దగ్గర్నుంచి మీ వెనక కూర్చుని నేను చూసిందేమిటి? మీ చొక్కా కాలరు. ఆ రోజు వ్యాను ఆగింది నాకు కనిపించనే లేదు. మట్టిలో కూర్చున్నాక తెలిసింది. నాకు పడిపోవడమంటే అంత భయం లేదు. తెలియకుండా పడిపోవడమంటేనే భయం." కాస్త ఆగి, "అదీగాక, మీ చెయ్యి తిరగబడితే నడిరోడ్డు మీద బండి తీసే మనిషి ఇంకొకరు ఉండాలిగా" అంది.

నేర్పించే మాస్టారు ఒకప్పుడు ట్రాఫిక్ పోలీసు. మీసాలు తెల్లబడ్డాయి, ఈల మాత్రం ఇంకా మెడలోనే ఉంది. మూతపడిన గోదాముల వెనక సిమెంటు మైదానంలో ప్లాస్టిక్ దిమ్మెలు వరసగా పెట్టి, చిన్న బండి ఒకటి ఇచ్చి, వాటి మధ్యనుంచి పాములా తిప్పమనేవాడు. భర్త గోడ పక్క బల్ల మీద కూర్చునేవాడు, కట్టు కట్టిన చేత్తో. ఆవిడ దిమ్మెకు దగ్గరగా వస్తే ఈయన లేచేవాడు. మొదటి వారంలోనే రెండుసార్లు పడింది. మొదటిసారి ఈయన పరిగెత్తుకుంటూ వెళ్ళేసరికి ఆవిడే లేచి, చేతులు దులుపుకుని బండి లేపుతోంది. రెండోసారి కూడా పరిగెత్తాడు.

మాస్టారు ఈయన దగ్గరికి వచ్చి మెల్లగా చెప్పాడు. "సార్, మీరక్కడ లేచి నిలబడితే మేడం ఇక్కడ మీకేసి చూస్తున్నారు. బండి మనం చూసిన వైపుకే పోతుంది. ఆ మూల టీ కొట్టుంది. వెళ్ళి తాగండి. మెల్లగా తాగండి."

టీ కొట్టు దగ్గర కప్పు చల్లారిపోయేది. అక్కడికి మైదానం కనిపించదు, బండి చప్పుడు మాత్రం వినిపిస్తుంది. చప్పుడు ఆగిపోతే లేచి నిలబడేవాడు. మళ్ళీ మొదలైతే కూర్చునేవాడు. కనిపించకపోతేనే ఎక్కువ భయమని ఆయనకు అక్కడ తెలిసింది. తన వెనక కాలరు చూస్తూ కూర్చున్న మనిషి ఏళ్ళ తరబడి ఎలా ఉండి ఉంటుందో ఊహించుకుంటే సిగ్గేసింది.

వానలు వెనకబట్టేసరికి ఆవిడకు లైసెన్సు వచ్చింది. ఆయన వేళ్ళు ముప్పావు వంతు వచ్చాయి. చిటికెన వేలి కొసకు మాత్రం స్పర్శ రాలేదు. "నడపొచ్చు నాన్నా, ఎక్కువసేపు వద్దు. అమ్మా నువ్వూ మార్చుకుంటూ నడపండి. నిటారుగా కూర్చునే బండైతేనే" అని కూతురు సెలవిచ్చింది. ఒప్పుకున్నట్టు లేదు, ఓడిపోయినట్టుంది.

మళ్ళీ షోరూం. ఈసారి లెక్క వేరు. బండి ఇద్దరికీ సరిపోవాలి. ఆవిడ ఆయన భుజం దాకా వస్తుంది. సీటు తగ్గిస్తే ఆయన మోకాలు మడతపడి నొప్పెడుతుంది. పెంచితే ఆవిడ కాలి బొటనవేలు తప్ప నేలకు అందదు. ఒక దాని మీద ఆవిడ కూర్చుంటే కాళ్ళు ఊయల మీద పిల్లలా వేలాడాయి. ఒకటి ఎత్తు సరిపోయింది, ఆగినప్పుడు నిలబెట్టలేనంత బరువు. ఇంకోదాని వేడి ఆవిడ పిక్కలకు తగిలింది. "ఇది దారిలోనే కాల్చి పెట్టేట్టుంది, మా ఫ్యాక్టరీ పొయ్యిలో పెట్టినట్టు" అంది. పక్క పెట్టెలు వంగి చూసి, బరువు పైనుంటే బండి తూలుతుంది, కిందుండాలి అంది. షోరూం అబ్బాయి ఈయనకేసి కాక ఆవిడకేసి చూస్తూ మాట్లాడటం మొదలుపెట్టాడు.

చివరికి మూలన ఉన్న బూడిద రంగు బండి బయటికి తీశాడు. మధ్యరకం ఇంజను, ఎత్తైన హ్యాండిల్, చేత్తో పైకీ కిందికీ జరిపే అద్దం. సీటు తాళంచెవితో తీసి, రెండు మెట్లలో ఏదో ఒకదాని మీద పెట్టుకోవచ్చు. కింది మెట్టు మీద పెట్టాడు. ఆవిడ ఎక్కి రెండు పాదాలూ పూర్తిగా నేలకు ఆనించింది, కాళ్ళతో తోసుకుంటూ వెనక్కి నడిపింది. పై మెట్టు మీద పెట్టాడు. ఆయన ఎక్కాడు. మోకాలు ఏమీ అనలేదు. చేతులు మోచేతి దగ్గర పెద్దగా మడవాల్సిన పనిలేదు.

"ఎరుపు లేదా ఇందులో?" అని అడిగాడు.

"లేదు సార్. బూడిద రంగొకటే."

ఆవిడ, "ఇంకోసారి చూడాలా?" అంది, ఎగతాళిగా కాదు.

"చూడాలి" అన్నాడు. మర్నాడు మళ్ళీ వెళ్ళి చూశారు. అప్పుడు కొన్నారు.

మొదటి ప్రయాణం ఆ కొండల అవతలున్న సరస్సుకు. బయల్దేరే ముందు టైర్లలో గాలి, గొలుసు, బ్రేకులు చూసుకున్నాడు. కూతురు వచ్చి ఇద్దరి హెల్మెట్ పట్టీలూ లాగి చూసింది. ఆ పోలిక ఎక్కడిదో ఎవరూ అనలేదు. కొండ దాకా చదును దారంతా ఆయనే నడిపాడు. పొలాలు, ఇటుక బట్టీలు, రోడ్డు పక్క పంపుల దగ్గర ఆరేసిన బట్టలు. మేడల మీంచి ఎడమకు వంగినట్టు కనిపించిన చోటు నిజానికి నేరుగా ఉంది. కొండ మొదట్లో వేళ్ళలో చీమలు మెదిలాయి. ఈసారి చెట్ల దాకా అనుకోలేదు. వెంటనే ఆపేశాడు. సీటు కింది మెట్టుకు మార్చారు, ఆవిడ ముందు కూర్చుంది, ఆయన వెనక.

అసలు కష్టం అప్పుడు మొదలైంది. ఘాట్ రోడ్డు. కింద లోయ, పైనుంచి మబ్బు. నాలుగు మలుపులు తిరిగేసరికి తుంపర పట్టుకుంది. రోడ్డు నల్లగా మెరుస్తోంది. ఎదురుగా లారీలు మలుపు మింగేస్తూ దిగుతున్నాయి. ఆయనకు ఆవిడ హెల్మెట్ తప్ప ముందేమీ కనిపించడం లేదు. లేని బ్రేకును కాలితో తొక్కాడు. మలుపు వచ్చినప్పుడల్లా మోకాళ్ళతో ఆవిడ నడుం నొక్కేశాడు. బండి లోపలికి వాలితే ఈయన బయటికి వాలాడు. ఒక మలుపులో బండి తన గీత తప్పి రోడ్డు మధ్యకు జరిగింది. అవతల లారీ. హారన్ మోత. లారీ గాలి ఒంటికి తాకి పోయింది.

ఆవిడ బండిని మెల్లగా పక్కకు తీసి, రాతి పిట్టగోడ దగ్గర ఆపింది. హెల్మెట్ అద్దం పైకెత్తి వెనక్కి తిరిగింది. మొహం పాలిపోయి ఉంది.

"అది నా తప్పు కాదు" అంది. "మీరు నొక్కితే నా చేతులు కదులుతున్నాయి. నేను వాలితే మీరు ఎదురు వాలుతున్నారు. ఒక బండికి ఇద్దరు డ్రైవర్లు కుదరదండీ."

"నాకు కనిపించట్లేదు. ఏం వస్తోందో తెలియట్లేదు."

"నాకు తెలుసు అదెలా ఉంటుందో."

ఆయన తలవంచుకున్నాడు. తుంపర హెల్మెట్ మీద టపటపా పడుతోంది.

"కిందికి బస్సులు పోతున్నాయి" అంది ఆవిడ. "మీరెక్కి ఇంటికెళ్ళినా నేనేం అనుకోను. ఒట్టు. ఎక్కితే మాత్రం సామానులా కూర్చోండి. మా వ్యానుల్లో రొట్టెల ట్రేలు ఏనాడూ డ్రైవరుకు సలహాలు చెప్పలేదు."

ఆయనకు నవ్వు రాబోయి ఆగిపోయింది. నిజంగానే ఒక బస్సు దిగుతూ వచ్చింది. చెయ్యెత్తితే ఆగేదే. దాని కిటికీల్లో వెచ్చగా కూర్చున్న మొహాలు దాటిపోయేదాకా చూశాడు. తర్వాత బండెక్కి, వెనక పిడులు పట్టుకున్నాడు.

"మలుపులో నీ ఏ భుజం మీంచి చూడాలి?" అని అడిగాడు.

"మలుపు ఎటుంటే అటు. చూడండి, అంతే. ఏమీ చెయ్యకండి."

ఏమీ చేయకుండా ఉండటం ఆయన జీవితంలో ఏనాడూ చేయని పని. కుడి మలుపుకు ఆవిడ కుడి భుజం మీంచి, ఎడమ మలుపుకు ఎడమ భుజం మీంచి చూశాడు. అలా చూస్తే రోడ్డు కొంచెం కనిపించింది. కాలు తొక్కబోయిన ప్రతిసారీ బొటనవేళ్ళు బూటులో ముడుచుకుని ఆపుకున్నాడు. భయం తగ్గలేదు. బండి మాత్రం తన గీత మీద తను పోయింది. పైన పొగమంచు కమ్మి, ముందు పోయే లారీ ఎర్ర దీపం తప్ప ఏమీ లేని చోట కూడా పోయింది. ఆ కాసేపట్లో ఆయన చేసిందల్లా కూర్చోవడమే. లిఫ్టు గోతుల్లో కూడా అంత అలసిపోయి ఎరగడు.

సరస్సు దగ్గర బస ముందు బండి ఆగింది. ఆయన దిగి, కాళ్ళు సాగదీసుకుని, ఆవిడ దిగడం కోసం చూశాడు. దిగింది గాని రెండడుగులు వేసి మెట్ల మీద కూలబడింది. హెల్మెట్ పట్టీ తీసుకోబోతే చేతులు వణుకుతున్నాయి. పట్టీ దొరకడం లేదు.

"ఏమైంది?" అన్నాడు కంగారుగా.

"ఏమీ కాలేదు. నాకు భయం వెయ్యలేదనుకున్నారా?" అంది. "ఆ లారీ తర్వాత చివరిదాకా భయపడుతూనే నడిపాను. అప్పుడే చెబితే మీరు నిజంగానే బస్సెక్కేవాళ్ళు."

ఆయన పక్కన కూర్చుని పట్టీ ఊడదీశాడు. తడి జుట్టు నుదుటికి అంటుకుపోయి ఉంది. ఎదుటివాళ్ళకు భయం లేదనీ, ఆ బరువంతా తన ఒక్కడి మీదే పడిందనీ అంతకాలం అనుకున్నాడు. ఇద్దరూ మెట్ల మీద అలాగే, తడి బట్టలతో, బసవాళ్ళు వచ్చి గది తాళం ఇచ్చేదాకా కూర్చున్నారు.

ఆ తర్వాత వాళ్ళు చాలా చోట్లకు వెళ్ళారు. ఎడారి అంచుకు ఒకసారి, సముద్రం వెంబడి ఒకసారి. రెండుసార్లు దారి మధ్యలోంచి వెనక్కి కూడా వచ్చేశారు. ఒకసారి ఆయన వేళ్ళ వల్ల, ఒకసారి గాలి మరీ ఎక్కువై ఆవిడ వద్దనడం వల్ల. ఎవరు వద్దంటే వాళ్ళ మాటే చెల్లాలన్నది వాళ్ళ ఒప్పందం. కూతురు ప్రతి మజిలీకీ ఫోను చేస్తుంది, ఎత్తకపోతే ఎత్తేదాకా చేస్తుంది.

ఆయన ఉద్యోగం అయిపోయింది. భయం మాత్రం రిటైరు కాలేదు. ఇప్పటికీ ప్రయాణానికి ముందు రోజు ఆయనకు ముద్ద దిగదు. పళ్ళెం ముందు కూర్చుని, ఆకాశం చూసి, వాన వస్తుందేమో అంటాడు. మొదట్లో ఆవిడ నచ్చజెప్పేది. ఇప్పుడు ఏమీ అనదు. దారిలో ఆకలేసినప్పుడు తింటాడని రొట్టె ముక్కలు కట్టి పక్క పెట్టెలో పెడుతుంది. పొద్దున్నే ముందు ఎవరు నడపాలో మాట్లాడుకుని బయల్దేరతారు.